నెమాని కోరుకున్న కాలం

నడుముకి నారబట్ట చుట్టుకుంటున్న నెమాని మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. బలంగా, వెడల్పు భుజాలతో ఉండే మనిషే. ఇప్పుడు కాళ్ళు వాచిపోయి, చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. పాతకాలపు ఊరని యాత్రికులకి చూపించే ఆ పాకల్లో అతను ఇరవై ఏళ్ళుగా పూజారి వేషం కడుతున్నాడు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు, మిగతా రోజుల్లో దయ్యాల్ని పిలిచేవాడు. పొట్టకూటి సంగతి దేవుడు మాత్రం ఎరగడా.

ఆటలో కొబ్బరి చిప్ప అందించే సకరాయా అతనికి మేనమామ కొడుకు. ఫిజీలో బావమరుదుల వేళాకోళానికి హద్దు లేదు. హద్దు పెట్టుకుంటేనే తప్పు.

"అప్పుడే ఆయాసమా బావా? మనుషుల్ని తినే ఆ కాలంలో అయితే నిన్ను వండుకునేవాళ్ళు కూడా కాదు. కిడ్నీలు పాడైన సరుకని కుక్కలకి పడేసేవాళ్ళు."

"మీ ఊరోళ్ళు అదీ వదలరు లేరా. ఎముకలు కూడా నాకే జాతి," అన్నాడు నెమాని. నవ్వబోతే దగ్గొచ్చింది.

సువా ఆసుపత్రిలో డయాలిసిస్‌కి అతని వంతు ఆ సాయంత్రం. కిందటి వంతు వరదల్లో రోడ్డు మునిగి తప్పిపోయింది. ఇది కూడా తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరతాయని నర్సు ఫోన్లో గట్టిగానే చెప్పింది. ఆ నీళ్ళు అప్పుడే చేరుతున్నాయని అతనికి తెలుస్తూనే ఉంది.

ఆట రోజూ ఒకటే. మేనేజరు మెరెసెయినీ వచ్చినవాళ్ళని, మీరయితే ఏ కాలంలో బతుకుతారని అడుగుతుంది. వాళ్ళు తలో కాలం చెబుతారు. చివరికి పూజారిని అడిగితే, "ఈ కాలమే, మా దొర పాదాల దగ్గరే" అని అతను యంగోనా అనే వేరు పిసికిన నీళ్ళు చిప్పెడు గుక్క తిప్పుకోకుండా తాగాలి. అందించిన చిప్పని కాదనడం ఆ నేల మీద లేదు. కిడ్నీలు పోయినవాడు నీళ్ళు కొలుచుకుని తాగాలి. అందుకే కొన్ని నెలలుగా సకరాయా అతనికి ఖాళీ చిప్పే అందిస్తున్నాడు. నెమాని దాన్ని ఎత్తి, గుటకలు మింగి, మూతి తుడుచుకుంటాడు. జబ్బు సంగతి తెలిస్తే వేషం పోతుందని ఇద్దరూ నోరు విప్పలేదు.

మధ్యాహ్నం ఆట ముగిసింది. నెమాని సంచీ భుజాన వేసుకుంటుండగా మెరెసెయినీ పరుగున వచ్చింది.

"మావయ్యా, ఇంకొక్క ఆట. రాతు గారు చుట్టాల్ని తీసుకొస్తున్నారు. మీ దొరే కదా, నువ్వు లేకపోతే బాగుంటుందా?"

"బస్సుందమ్మా."

"దీని వెనక ఇంకోటి లేదా ఏంటి?"

"చెప్పెయ్ బావా," అన్నాడు సకరాయా మెల్లగా. ఆ గొంతులో వేళాకోళం లేదు. నెమాని సంచీ దించాడు. సొంత దొరకి కాదని చెప్పడం అతని వంశంలో ఎవరికీ చేతకాలేదు.

రాతు గారు చాప మీద కూర్చున్నారు. చుట్టాల్లో ఒక లావుపాటాయన, ఫోన్లు లేని పాతకాలమే హాయన్నాడు. ఒక అమ్మాయి ఇంకో రెండొందల ఏళ్ళు పోయాక పుడతానంది, అప్పటికి రోగాలే ఉండవట. నెమాని ఆ పిల్ల వంక చూస్తూ ఉండిపోయాడు. తాతల కాలంలో అయితే అతను ఎప్పుడో పోయేవాడు. ఆ పిల్ల కాలం అతని దాకా రాదు.

"మరి నువ్వో, పూజారీ?" అంది మెరెసెయినీ.

రోజూ అనే మాట నోటికి రాలేదు. రొమ్ములో ఏదో బుడబుడమంటోంది. అతనికి నిజంగా భయం వేసింది.

"రేపు," అన్నాడు. "రేపు పొద్దున. ఆ కాలం చాలు నాకు."

అందరూ పకపకా నవ్వారు. రాతు గారు మెచ్చుకుని తన చిప్పే నిండా పోయించి పంపారు. సకరాయా గబుక్కున లేచి చెయ్యి చాపాడు.

"ఇటియ్యి, నేనందిస్తా."

"ఇది దొరగారి చిప్ప. నువ్వు కూర్చో అన్నా," అన్నాడు రాతు గారి మనిషి.

నెమాని రెండు చేతులా అందుకున్నాడు. వద్దు దొరా, జబ్బు అంటే సరిపోయేది. ఆ దొర నొచ్చుకునేవాడు కాదు, తన కారులోనే ఆసుపత్రికి పంపేవాడు. ఆ ఒక్క మాట అనలేదని ఈ కథ చెప్పే నాకిప్పటికీ అతని మీద కోపమే. చిప్ప ఖాళీ చేసి బోర్లించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాతి బస్సులో సకరాయా అతన్ని కిటికీ వైపు కూర్చోబెట్టి, భుజం ఆనించి పట్టుకున్నాడు. మలుపుల దగ్గర తల అటూ ఇటూ ఊగుతోంది.

"దొర చిప్ప తాగిన గొప్పోడివి. ఇంక మాతో మాట్లాడతావా?"

సకరాయా ఆ తలని తన భుజానికి ఆనించుకున్నాడు.

"మా ఊరోళ్ళు నిజంగానే ఎముకలు నాకుతారు బావా. ఒప్పుకున్నా. ఇప్పుడైనా తిట్టు."

నెమాని తిట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక సకరాయా మాటకి అతను ఎదురు మాట అనకపోవడం అదే మొదలు. సకరాయా సువా వచ్చేదాకా ఆ భుజం అలాగే ఆనించి ఉంచాడు.

ఆసుపత్రిలో నర్సు అతని వంతు ఇంకెవరికీ ఇవ్వలేదు. వానల్లో బస్సులు ఆలస్యమవుతాయని ఆమెకి తెలుసు. యంత్రం పక్క కుర్చీ మీద అతని కోసం ఉంచిన ఉతికిన దుప్పటి తెల్లారాక కూడా మడత విప్పకుండా అలాగే ఉంది.