ఎడమవైపు మాటలు

కుక్కర్ విజిళ్ళు నేను కళ్ళతో లెక్కపెడతాను. బరువు లేచి ఆవిరి చిమ్మితే ఒకటి, మళ్ళీ లేస్తే రెండు. అంతసేపూ చాకు పక్కన పెట్టి అటే చూస్తూ నిలబడాలి. కాస్త పక్కకి తిరిగానా, లోపల అడుగంటుతుంది. అప్పుడు మా ఆయన హాల్లోంచి లేచి వచ్చి, "ఆరు విజిళ్ళొచ్చాయి. వీధి చివరివాళ్ళకి కూడా వినపడ్డాయి, మహారాణిగారికి తప్ప," అంటారు. ఆ మాట నా కుడివైపు నిలబడి అంటారు, నాకు వినపడాలని.

ఎవరూ ఎవరికీ నేర్పకుండానే మా ఇంట్లో ఒక పద్ధతి పడిపోయింది. నా కుడిచెవి కాస్త నయం, ఎడమది పేరుకే ఉంది. నాకు చెప్పాల్సిన పనులు కుడివైపు నుంచి చెబుతారు: బొత్తాం ఊడింది, మంచినీళ్ళు, అత్తయ్య మాత్రలు. నా గురించి అనుకోవాల్సినవి ఎడమవైపు అనుకుంటారు. భోజనాల బల్ల దగ్గర ఆయన కుర్చీ నాకు ఎడమపక్కన. పద్నాలుగేళ్ళుగా నా పక్కనే కూర్చుని నా గురించి మాట్లాడుకుంటున్నారు. గోడలకి చెవులుంటాయని భయపడతారు గానీ, మా ఇంట్లో గోడ మీద ఉన్నపాటి అనుమానం కూడా ఎవరికీ నా మీద లేదు.

నేను ఆసుపత్రిలో మందుల కౌంటర్లో ఫార్మసిస్టుని. మధ్యలో అద్దం, అద్దానికి అరచెయ్యి పట్టేంత కన్నం, అవతల క్యూ. ఇన్నేళ్ళూ మనుషుల పెదాలు చూసి నెట్టుకొచ్చానన్న సంగతి, అందరూ మాస్కులు తొడుక్కున్న రోజున గానీ నాకే తెలియలేదు. మూతుల్లేని మనుషులు వరసగా వచ్చి ఏదో అడుగుతున్నారు, నేను "కాగితం మీద రాసివ్వండి" అంటున్నాను. "అసలు చదువుకున్నావా నువ్వు?" అని ఒక పెద్దాయన అరిచాడు. అది మాత్రం వినపడింది. తిట్లు ఎప్పుడూ బిగ్గరగానే వస్తాయి కదా.

చెవి మిషన్ పెట్టించుకుంటానని ఒకసారి ఇంట్లో అన్నాను. "అది తగిలించుకుని కాలేజీ ఫంక్షన్లకి నా పక్కన వస్తావా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు మా ఆయన. ఆయన లెక్చరరు. కాలేజీలో గొంతు పెంచరని మంచి పేరు. "ఉన్నదాంతో సర్దుకోవాలమ్మా," అంది అత్తయ్య. సర్దుకున్నాను. నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

మా అమ్మాయి కొత్త ఇయర్‌బడ్స్ కొనుక్కుని పాతవి నా చేతిలో పెట్టింది. "అమ్మా, వీటితో ఫోన్‌లోనే వినికిడి పరీక్ష చేసుకోవచ్చు. తర్వాత ఇవే చెవి మిషన్‌లా పనిచేస్తాయి. డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, మీ కౌంటర్లో జ్వరం బిళ్ళలు ఇచ్చినట్టే," అంది. పరీక్షకి ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలట. ఆ పది నిమిషాల కోసం రెండు వారాలు కాచుకున్నాను. టీవీ, వాషింగ్ మెషిన్, అత్తయ్య పిలుపులు, అన్నీ ఒకేసారి ఆగిన ఒక శనివారం మధ్యాహ్నం మంచం అంచున కూర్చుని, టింగుమన్నప్పుడల్లా ఫోన్ మీద వేలు ఆనించాను. కుడిచెవికి ఒక మోస్తరు లోపం, ఎడమచెవికి అంతకంటే ఎక్కువ, సాయం ఉంటే వినగలరు అని వచ్చింది. నా గురించి అంత మర్యాదగా ఎవరైనా ఒక మాట అని చాలా కాలమైంది. ఏడుపొచ్చేసింది.

మొదట వినపడింది ఫ్యాను. తర్వాత నా గాజులు. సోమవారం కౌంటర్లో ఒకావిడ మాస్కు వెనకనుంచి, "ఇది తిన్నాక వెయ్యాలా, తినకముందా?" అంటే విన్నాను, విని జవాబు చెప్పాను. ఆవిడ థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడం ఎంత బాగుందో! ఎందుకు చెప్పాలి, అడిగింది, చెప్పాను, అయిపోయింది.

చెవుల మీదికి జుట్టు దువ్వుకుని ఇంట్లో కూడా పెట్టుకోవడం మొదలుపెట్టాను. దాచాలని కాదు. అడిగినవాళ్ళు లేరు. ఆ ఆదివారం మా ఆయన పెద్దమ్మగారి అమ్మాయి భోజనానికి వచ్చింది. మా పెళ్ళయ్యాక ఆవిడ మమ్మల్ని చూడటం అదే మొదలు. నేను వడ్డిస్తుంటే, "పాపంరా తమ్ముడూ, చెవిటిదానితో ఎలా వేగుతున్నావో," అంది. నా ఎడమపక్క నుంచి మా ఆయన, "ఏం చేస్తామక్కా, పుట్టుకతోనే ఉంది. వాళ్ళవాళ్ళు దాచిపెట్టి పెళ్ళి చేశారు," అన్నారు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా అన్నారు. "మన ఖర్మ," అంది అత్తయ్య. గరిటె నా చేతిలోనే ఉంది. ఇంకొంచెం వెయ్యనా అని ఆవిడని అడిగాను. నా గొంతు నాకే వినపడింది, ఎంతో మర్యాదగా.

పుట్టుకతోనట! పక్కగదిలో పాప నిద్రలో కదిలితే లేచి కూర్చునేదాన్ని నేను. పద్నాలుగేళ్ళ కింద ఒకరోజు ఆయన హాల్లోంచి మూడుసార్లు పిలిచారట. నేను కుళాయి కింద గిన్నెలు తోముతున్నాను, ఆ నీళ్ళ చప్పుడులో వినలేదు. లోపలికి వచ్చి చెంప మీద ఒక్కటి కొట్టారు. మూడు వారాలు ఎడమచెవిలోంచి చీము కారింది. కుడిది ఆ తర్వాతి ఏళ్ళలో మెల్లగా మందగించింది. "బాత్రూంలో జారిపడ్డానని చెప్పు," అని నేర్పి అత్తయ్య నన్ను డాక్టరు దగ్గరికి పంపింది. అలాగే చెప్పాను. సంసారం గుట్టు, రోగం రట్టు అంటారు. ఆ సంసారమే నా రోగమైనప్పుడు గుట్టుగా ఉండాలో రట్టు చేయాలో ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆయనకి మనసులో ఏదో ఒక మూల గుచ్చుకుంటూ ఉంటుందనుకున్నాను. బయటికి అనలేకపోతున్నారు, అంతే, అనుకున్నాను. ఆ ఒక్క ఊరటతో ఇల్లు ఊడ్చాను, వండాను, ఆయన పక్కన పడుకున్నాను. తీరా చూస్తే కొట్టిన మనిషి మోసపోయిన మనిషయ్యారు. నన్ను కన్నవాళ్ళు మోసగాళ్ళయ్యారు.

ఆ వారమే ఆసుపత్రిలో ఎవరో ఫిర్యాదు పెట్టారు, పాటలు వింటూ మందులిస్తోందని, ఫోటోతో సహా. మా చీఫ్ పిలిచి, "ఈ వయసులో పాటలేమిటమ్మా?" అన్నారు. పాటలు కావండీ, వినడానికే, అని చెప్పాను. "చెవి మిషన్ అంటే చెవి మిషన్‌లా ఉండాలి కదా. డాక్టరు సర్టిఫికెట్ పట్టుకురండి. లేకపోతే కౌంటరు వదిలేసి గోడౌన్‌లో పెట్టెలు చూసుకుందురుగాని," అన్నారు.

ఇంట్లో చెప్పక తప్పలేదు. ఆసుపత్రిలో బడ్స్ పెట్టుకుంటున్నానని మాత్రం చెప్పాను, ఇంట్లో సంగతి చెప్పలేదు. మా ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "నేనూ వస్తాను. డాక్టరు ఏదడిగినా నీకు వినపడి చావదు," అన్నారు.

చెవి డాక్టరు దగ్గర అద్దాల గదిలో పరీక్ష అయ్యాక, ఆయన బయట ఫోన్ మాట్లాడుతుండగానే, పరీక్ష కోసం తీసిన బడ్స్ మళ్ళీ పెట్టుకుని జుట్టు సర్దుకున్నాను. లోపలికి వచ్చి నాకు ఎడమపక్కన కుర్చీ లాక్కున్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మహా ఉంటే ముప్ఫై ఉంటాయి. కాగితంలో ఒక్కో గడీ నింపుతోంది.

"ఎడమచెవి బాగా దెబ్బతింది. కర్ణభేరి మీద పాత మచ్చ ఉంది. కారణం ఏమిటండీ?" అంది.

"పుట్టుకతోనే అండీ," అన్నారు మా ఆయన.

"పుట్టుకతో వచ్చినదానికి మచ్చ ఉండదండీ."

"అయితే ఎప్పుడో బాత్రూంలో పడినట్టుంది. వయసు వల్ల అని రాసెయ్యండి, పోనీ. తనకి ఇవేవీ వినపడవు."

ఊరుకుంటే సర్టిఫికెట్ వస్తుంది. కౌంటరు నిలుస్తుంది. ఇంటికి వెళ్ళి వంట చేసుకోవచ్చు, గొడవ ఉండదు. నోరు తెరిస్తే ఆ ఇంటికి ఎలా వెళతానో, అసలు వెళతానో లేదో కూడా తెలియదు. డాక్టరమ్మ కలం ఆ గడి మీదే ఆగి ఉంది. నా వంక చూసింది.

"నాకు వినపడుతోందమ్మా," అన్నాను. పక్కన కుర్చీ కిర్రుమంది. "పద్నాలుగేళ్ళయింది. ఈయన కొట్టారు. కొట్టేముందు, 'పిలుస్తుంటే పలకవేం, చెవుడా?' అని అడిగారు. అప్పటికి లేదు. కారణం దగ్గర అది రాయండి."