గడ్డిలో తవ్విన గుంతలు

ఆస్పత్రి వెనక మూడెకరాల గడ్డినేల ఉంది. చూసేవాళ్లకు అది ఖాళీ జాగా. లాండ్రీలో దుప్పట్లుతికే ఆమెకు మాత్రం పూరేడు పిట్టల పుట్టిల్లు. ఆరేళ్లుగా డ్యూటీ దిగాక ఆడపడుచును వెంటబెట్టుకుని అక్కడ వయ్యారిభామ మొక్కలు పీకుతోంది. పేరులోనే వయ్యారం. అది పాకిన చోట గడ్డి బతకదు, గడ్డి లేనిచోట పూరేడు గుడ్లు పెట్టదు. పూత రాకముందే వేళ్లతో సహా లాగెయ్యాలి. పూసిందంటే కథ మళ్లీ మొదటికే. ఆ ఆకు తగిలి ఇద్దరి ముంజేతుల మీదా ఎప్పుడూ దద్దుర్లే.

"మా అన్నయ్యను చేసుకున్న పాపానికి నువ్వు దుప్పట్లుతుకుతున్నావు. నాకు వదినవైన పాపానికి నేను కలుపు పీకుతున్నా" అనేది ఆడపడుచు. ఆమెది కుట్టుపని. పగలంతా మిషను తొక్కి వచ్చేది.

తొలి వానలు పడ్డాక ఒక ఆదివారం ఉదయం, మెషీన్‌లోంచి తడి దుప్పట్లు తీస్తూ ఆమె కిటికీలోంచి చూసింది. గడ్డిలో నలభైమంది మనుషులు, పలుగులు, పారలు, ట్రక్కు నిండా మొక్కలు. సగం నేలలో అప్పటికే గుంతలు పడ్డాయి.

తడిచేతులతోనే పరుగెత్తింది. అందరికంటే ముందు పెద్ద డాక్టరే పలుగు పట్టుకుని, చెమటతో తడిసి ఉన్నాడు. మంచివాడు. చెడ్డవాడైతే నాలుగు మాటలని పోట్లాడొచ్చు. మంచివాడితో ఏం పోట్లాడుతుంది?

"సార్, ఇక్కడ చెట్లొద్దు సార్."

డాక్టరు నడుం నిలబెట్టి నవ్వాడు. "చెట్లొద్దనే మనిషిని ఇదే చూడడమమ్మా. ఉత్త గడ్డే కదా?"

"గడ్డిలో బతికేవి గడ్డిలోనే బతుకుతాయి సార్. నీడ పడితే గడ్డి చస్తుంది. కొమ్మ లేస్తే కాకులు దానిమీద కూర్చుని గుడ్లు కనిపెడతాయి."

"శుభమా అని మొదలుపెడితే మధ్యలో ఈ తుమ్మేంటి?" అన్నారెవరో వెనకనుంచి.

"రండి సార్" అని ఆమె ముందు నడిచింది. ఒక గుబురు పక్కకు తప్పించి చూపించింది. పిడికిలంత గుంటలో చుక్కల గుడ్లు ఏడు. పక్క గుంతలోంచి తీసిన మట్టి జానెడు దూరంలో కుప్పగా ఉంది. పిట్ట లేదు.

డాక్టరు గొంతుకూర్చున్నాడు. "తల్లి వస్తుందా?"

"చెప్పలేను సార్. ఇంతమందిని చూసి బెదిరింది."

ఆయన లేచి, మొక్కలన్నీ వాహనాలు నిలిపే చోటికీ ప్రహరీ వెంబడికీ తీసుకెళ్లమన్నాడు. కొందరు సణిగారు. అయినా వెళ్లారు. ఆ గడ్డిలో ఇక ఎవరూ పలుగు పెట్టకూడదని మర్నాడు కాగితం మీద రాసిచ్చాడు. అదే రోజు, మెషీన్ వదిలేసి వెళ్లినందుకు సూపర్‌వైజరు ఆమెకు మెమో ఇచ్చాడు.

తల్లి రాలేదు. నాలుగో రోజుకు గుడ్లకు చీమలు పట్టాయి.

గుంతలు నూటపదకొండు. తిరగేసిన మట్టిలో ముందు మొలిచేది కలుపే కాబట్టి వాటిని పూడ్చి, పైన గడ్డి దుబ్బులు నాటాలి. రోజుకు పది పూడిస్తే గొప్ప. ఆడపడుచు ఒకరోజు గుంత అంచున చతికిలబడింది.

"ఇంత చేస్తున్నాం. మనమెవరమో ఆ పిట్టలకైనా తెలుసంటావా వదినా?"

"తెలిస్తే ఎగిరిపోతాయి. లే."

పదో రోజు సాయంత్రం డాక్టరు పార పట్టుకుని వచ్చాడు. "ఇంకా ఎన్నున్నాయమ్మా?"

"ఇరవై సార్."

ఆయన పనిలోకి దిగాడు. నాలుగు పూడ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంతలో ఆపరేషను ఉందని ఫోనొచ్చింది. మళ్లీ వస్తానని చెప్పి చేతులు దులుపుకుంటూ వెళ్లాడు.

"పోనీలే, నాలుగు తగ్గాయి" అంటూ ఆడపడుచు పార అందుకుంది. వదిన కాసేపు మోకాళ్లు నిమురుకుని, మట్టి లాగడానికి వంగింది.