జ్యోతిక ఒక్కపొద్దు

ముందురోజు సాయంత్రం ఎల్బీనగర్ ఆస్పత్రి నుంచి నాగేశ్వరి సిస్టర్ ఫోన్ చేసింది. "రేపు ఎనిమిదికల్లా వచ్చేయండమ్మా. రాత్రి రెండు దాటాక పాపకి ఏమీ పెట్టకూడదు, గుర్తుంది కదా?"

అరుణజ్యోతికి గుర్తుంది. ఇది నాలుగోసారి. ఆమె ఆరేళ్ల కూతురు జ్యోతికకు రక్తంలో క్యాన్సర్. అది మెదడుకు పాకకుండా వెన్నులోకి సూదితో మందు ఎక్కిస్తారు. ముందుగా నిద్ర మందు ఇస్తారు గనుక పిల్లకు ఏమీ తెలియదు. ఆ మందు తెల్లగా పాలలా ఉంటుంది. వార్డు పిల్లలు దాన్ని పాల సూది అంటారు. జ్యోతిక లెక్కపెడుతుంది. నాలుగు అనేలోపు కళ్లు మూతలు పడతాయి.

ఈసారి ఇంట్లో కొత్తగా ఉన్నది అత్తగారే. అండాలమ్మ నకిరేకల్ దగ్గరి ఊరి నుంచి రెండు రోజుల కిందట సరూర్‌నగర్ కిరాయి ఇంటికి వచ్చింది. ఆమెకు తేలిగ్గా అర్థమవుతుందని అరుణజ్యోతి, "అత్తమ్మా, రేపు పొద్దున జ్యోతికకు ఒక్కపొద్దు," అంది.

"గంత చిన్న పిల్లకు ఒక్కపొద్దేందే?"

"డాక్టర్లు చెప్పిన్రు."

"మంచిది. నేను శనివారం శనివారం ఉంటలేనా, గట్లనే."

పొద్దున సూది గది తలుపు దగ్గర నాగేశ్వరి ఎప్పటిలాగే అడిగింది. "ఏమైనా తిందా? తాగిందా?"

"ఏం లేదు సిస్టర్."

వెనక నుంచి అండాలమ్మ అందుకుంది. "మెతుకు ముట్టనియ్యలే సిస్టరమ్మా. నేనే కాపలా ఉన్న. గ్లాసెడు పాలు, సగం అరటిపండు. గంతే."

ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

నాగేశ్వరి చేతిలోని కాగితం కిందికి దిగింది. "ఎప్పుడండీ?"

"ఆరున్నరకు. అరుణ తానం చేస్తున్నది."

"అత్తమ్మా! ఏం పెట్టొద్దంటే..."

"ఒక్కపొద్దంటివి గదనే! ఒక్కపొద్దుల పాలు తాగమా? పండు తినమా?"



మత్తు డాక్టరు పట్టాభి గారు కోప్పడలేదు. "కుదరదమ్మా. నిద్రలో ఆ పాలు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మధ్యాహ్నం దాకా ఆగాలి. నేను పదకొండింటికి వేరే ఆస్పత్రిలో ఉండాలి. మళ్లీ వచ్చే వారమే."

జ్వరం వల్ల ఇప్పటికే పది రోజులు ఆలస్యమైందని, ఇంకో వారం ఆగడం మంచిది కాదని క్యాన్సర్ డాక్టరమ్మ అంది. చర్మం మొద్దుబారే పూత రాసి, అక్కడివరకే చిన్న మత్తు సూది వేసి, మెలకువగానే చేద్దామంది. తల్లి కదలకుండా పట్టుకోవాలి.

భర్త తిరుపతి ఆ వేళ స్కూలు బస్సు నడుపుతున్నాడు, ఫోన్ ఎత్తలేదు. అరుణజ్యోతి సంతకం పెట్టింది.

పూత పని చేసేదాకా ఆగి, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టారు.

"అమ్మా, పాల సూది ఎయ్యరా?"

"ఇయ్యాల లేదు బిడ్డా."

"పాలు తాగిన గదా, అందుకనా?"

"కాదు. అమ్మ తప్పు చేసింది."

మోకాళ్లు పొట్టకు, గడ్డం ఛాతీకి ఆనేలా ముడిచి పట్టుకోమని నాగేశ్వరి చూపించింది. అరుణజ్యోతి పట్టుకుంది. జ్యోతిక అలవాటు ప్రకారం లెక్క మొదలుపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు... నాలుగైంది అమ్మా. నిద్ర రాలే."

"ఇంకా లెక్కపెట్టు."

మొదటి సూది తేనెటీగ కుట్టినట్టు ఉంటుందని ముందే చెప్పారు. ఓర్చుకుంది. రెండోది లోపలికి దిగేసరికి పదకొండు అనబోయిన నోట్లోంచి కేక వచ్చింది. "వదులు అమ్మా," అంది. అరుణజ్యోతి వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత జ్యోతిక అమ్మను పిలవలేదు.

"నానమ్మా! నానమ్మా!"

పని పూర్తయ్యి బయటికొచ్చేసరికి అండాలమ్మ కుర్చీలో లేదు. తలుపు పక్కన గోడకు ఆనుకుని కింద కూర్చుంది. చేతిసంచి ఒళ్లో ఉంది.

"పిలిచింది," అంది. "రానియ్యలే నన్ను."

"ఆ మాట అన్నది నేనే అత్తమ్మా. ఒక్కపొద్దని."

"పెట్టిన చెయ్యి నాది గదనే."

జ్యోతికను గంటసేపు దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. మెడ మీద అరుణజ్యోతి వేళ్ల గుర్తులు ఎర్రగా కనిపిస్తున్నాయి. పిల్ల తల్లి వైపు చూడకుండా కప్పు వైపే చూస్తూ ఉండిపోయింది. 

"ఆకలైతుంది నానమ్మా. మిగిలిన సగం ఏది?"

అండాలమ్మ సంచిలోంచి కవరు తీసింది. అరటిపండు తెగిన చోట నల్లబడింది. ఆ నలుపును గోటితో గిల్లేసి, తొక్క కొంచెం కిందికి లాగి, అక్కడే ఆగిపోయింది. పిల్లలకు తిండి పెట్టడానికి ఆమె ఇంతవరకు కోడలిని ఏనాడూ అడగలేదు.

"అరుణా, ఒక్కపొద్దు ఇడువచ్చునా?"

"ఇడువచ్చు అత్తమ్మా. పెట్టు."

అయినా అండాలమ్మ పెట్టలేదు. పండు చేత్తో పట్టుకుని, సిస్టరమ్మ ఎక్కడుందో చూడటానికి లేచి వెళ్లింది.