మిగిలిన టేపు ఎవరిది?

తంగళ్ళపల్లిలో మానస పెట్టిన ఫైబర్ షెడ్డుకు అసలు శత్రువు టేపే. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లకు పైన బిగించే మూతలు చేస్తుందామె. అచ్చు మీద ఫైబర్ బట్ట పరిచి, గట్టిపడే రెసిన్ ద్రవం పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, చుట్టూ జిగురు టేపు అంటించి పంపుతో గాలంతా లాగేస్తే, కవరు ఆ బట్టను అచ్చుకు అదిమిపెడుతుంది. మూత తేలిగ్గా, గట్టిగా వస్తుంది. ఆ టేపేమో హైదరాబాదు నుంచి రావాలి. ధర వింటే కళ్ళు తిరుగుతాయి. ఒక్కసారి వాడితే ఇక చెత్తలోకే.

కోరుట్ల డీలరు మార్కండేయులు మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. నమూనా నచ్చితే ఈ సీజను పనంతా మానసకే. నచ్చకపోతే షెడ్డుకు తాళం వేసుకోవడమే. చేతిలో ఉన్న టేపు నాలుగు వైపులకూ ఏమాత్రం చాలదు.

"సాగదీసి అతికియ్యి బిడ్డా," అన్నాడు భీమయ్య. ఆమె చిన్నాన్న, దుబాయిలో పడవల కంపెనీలో ఇదే పని చేసి వచ్చినవాడు.

"సాగదీస్తె సన్నగయితది కాకా, గాలి గుంజుకుంటది. అసలు నాలుగు దిక్కుల టేపు ఎందుకు?"

సిరిసిల్లలో చీరలు ప్యాక్ చేసే కవరు గొట్టంలా వస్తుంది. రెండు పక్కలా అతుకే ఉండదు. అచ్చు మొత్తాన్నీ అందులో దూర్చేస్తే రెండు కొసలకే టేపు చాలు. తన తెలివికి తనకే ముద్దొచ్చింది మానసకు. ప్యాకింగ్ దుకాణానికి వెళ్ళి అచ్చుకు సరిగ్గా సరిపోయే గొట్టం తెచ్చింది. వేలెడంత కూడా ఎక్కువ కొనలేదు, పొదుపంటే పొదుపే మరి!

పంపు వేయగానే మీటరు ముల్లు చకచకా దిగింది. భీమయ్య భేషని తలాడించాడు. అంతలో అచ్చు టక్కుమంది.

మానస చటుక్కున పంపు ఆపింది. ఉన్నది ఒక్కటే అచ్చు. వంగి చూస్తే అంచున సన్నటి పగులు. అచ్చు అడుగున డొల్ల. బిగుతైన కవరు ఆ డొల్లలోకి దిగలేక డప్పు తోలులా సాగి నిలబడింది. దాంతో ఒత్తిడంతా అచ్చునే నలిపేస్తోంది. టేపు దగ్గర ఆదా చేసింది సరే, కవరు దగ్గర పిసినారితనం చేసిందే కొంప ముంచింది.

"కాకా, ఉరుకు! చీరల మూటలకు తొడిగే పెద్ద గొట్టం పట్టుకరా. ఒక కొస ఆడనే వేడి మిషన్ మీద అతికిపియ్యి. రెసిన్ గట్టిపడకముందే రావాలె."

భీమయ్య రొప్పుతూ తెచ్చాడు. ఈసారి ఒక్క కొసకే టేపు పట్టింది. వదులు కవరు డొల్లలోకి దిగి అచ్చును లోపలా బయటా సమానంగా హత్తుకుంది. దిగిన ముల్లు మళ్ళీ పైకి కదల్లేదు. పగులు అంచు దగ్గరే ఆగిపోయిందని చూసుకున్నాకే మానస ఊపిరి పీల్చుకుంది.

పొద్దున మార్కండేయులు మూతను ఒంటిచేత్తో ఎత్తి, వేళ్ళతో కొట్టి చూసి మురిసిపోయాడు. భీమయ్య ఆగలేక టేపు కథంతా గొప్పగా చెప్పేశాడు. దాంతో డీలరు తీరిగ్గా కూర్చున్నాడు.

"గట్లయితె నీకు టేపు ఖర్చు మిగిలినట్టేనాయె. గంత రేటు తగ్గియ్యి చెల్లె."

భీమయ్య నాలుక కరుచుకున్నాడు. మానసకు మాత్రం భయం వేయలేదు, అది ఆమెకే వింతగా తోచింది.

"అచ్చు టక్కుమన్నప్పుడు నా పానం పోయింది అన్నా. గది పగిలితె నష్టంల నువ్వు పాలు పంచుకుంటుంటివా? పంచుకోవు. మరి మిగిలిన దాంట్ల పాలు ఎట్ల అడుగుతవు? నీకు తేలికైన మూత కావాలె, నీ చేతిలనే ఉన్నది. రేటు గదే."

మార్కండేయులు మూతను అటూ ఇటూ తిప్పాడు. ఇంకోసారి వేళ్ళతో కొట్టి చూశాడు. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని లేచాడు.

"మిగిలిన మూతలు ఎప్పుడిస్తవు?" అన్నాడు.