ఆనందరావు గారి ప్లేట్లు

ఆనందరావు మెత్తటి గుడ్డతో గ్రామఫోన్ ప్లేటు తుడుస్తున్నాడు. డ్యూటీకి వెళ్ళేముందు రోజుకు రెండు తుడవడం అలవాటు. దోహా దగ్గరి ఉమ్ సయీద్ ఎడారి ఇసుక తలుపు మూసినా లోపలికి వస్తుంది. అన్నంలో తగిలినా సహిస్తాడు గాని ప్లేట్ల మీద కనిపిస్తే సహించడు.

అన్నీ ఒకే ఇంగ్లీషు బ్యాండువి, పక్కకో పాట ఉండే చిన్న ప్లేట్లు. జపాన్ అట్ట మీద ఆ నలుగురు పొడుగుజుట్టు వాళ్ళు నవ్వుతుంటారు, ఇటలీ అట్ట మీద అలిగినట్టుంటారు, లెబనాన్ అట్ట మీద వాళ్ళ పేరు అరబ్బీలో ఉంటుంది. లోపల పాట ఒకటే. ఒకే పాటకు ఇన్నెందుకయ్యా అంటే అట్టలు పరిచి చూపిస్తాడు. కాకినాడలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఆయన్ను పలకరించిన నాథుడు లేడు. చమురు ధర పెరిగి, ఇక్కడ కంపెనీల మీద కంపెనీలు లేచి, తాను పనివాళ్ళ హాజరు రాసే టైమ్‌కీపర్ అయ్యాక, మనుషులు ఆయన కోసం దేశదేశాల దుకాణాలు గాలించారు. సెలవు మీద వెళ్ళివచ్చినవాళ్ళు ప్లేటు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఎంతమంది స్నేహితులో అని భార్య సుబ్బలక్ష్మికి గొప్పగా రాసుకున్నాడు.

సెలవు చీటీలు ఆయన బల్ల మీదుగానే మేనేజరుకు వెళ్ళాలి.

ఆ మధ్యాహ్నం కాంక్రీటు పని చేసే నర్సింలు చెప్పులు బయట విడిచి ఆఫీసులోకి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. తువ్వాలు మడతలు విప్పి బల్ల మీద పరిచి, అందులోని ప్లేటు రెండు చేతులతో దాని మీద పెట్టాడు. అట్ట మీద ఎవరో మీసాల అరబ్బు గాయకుడు. నర్సింలుకు ఏ అక్షరాలూ రావు. తల్లి బాలవ్వకు బాగాలేదని పోయిన శుక్రవారం తంతి వచ్చిందనీ, సెలవు కావాలనీ మెల్లగా చెప్పాడు.

ఇవాళ గురువారం. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని ఆనందరావు కసిరాడు.

"దోహాల నిన్నటిదాంక ప్లేటు దొర్కలే సార్. డ్యూటీ అయినంక రోజూ పోయి దేవులాడిన."

"ప్లేటెందుకు?"

నర్సింలు తల వంచుకున్నాడు. "మీ తానికి ఒట్టి చేతులతోని పోతే సెలవు కాదని అందరంటరు సార్. ఇది మంచిది కాదా?"

ఆనందరావు ముఖం మండిపోయింది. నేనెప్పుడడిగానని అనబోయి ఆగాడు. అడగలేదు, నిజమే. కాని లెబనాన్ ప్లేటు తెచ్చిన డ్రైవరు జహాంగీర్ చీటీ మరుసటిసారి సెలవు అడిగిన రోజే కదిలింది. ఏమీ తేనివాళ్ళ చీటీలు సొరుగులో పడుకున్నాయి. ఇది ఆయనకు తెలియనిది కాదు. తెలిసే మొహం తిప్పుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అదేమిటో ఇప్పుడు తెలిసింది.

"మంచిదే నర్సింలు. చాలా మంచిది."

చీటీ తానే రాసి మేనేజరు గదికి పరుగెత్తాడు. సాయంత్రానికల్లా కంపెనీ దగ్గరుండే పాస్‌పోర్టు, టికెట్టు నర్సింలు చేతికొచ్చాయి. ఒక్కపూటలో అయ్యే పని అది. జీపెక్కుతూ నర్సింలు దండం పెట్టాడు. ఆ దండం చూడలేక ఆనందరావు లోపలికి వచ్చేశాడు.

విమానం లేచే వేళకు తపాలా సంచి వచ్చింది. అందులో నర్సింలు పేర ఇంకో తంతి. బాలవ్వ నిన్న పోయింది. మొదటిరోజే అడిగి ఉంటే కొడుకు చేతి నీళ్ళు తాగి పోయేది. ఊరు చేరేదాకా అతనికి ఆ సంగతి తెలియదు. దేవుడా, నా వల్లే కదా అనుకుంటూ ఆనందరావు ఆ తంతి మళ్ళీ చదివాడు.

బల్ల మీద తువ్వాలు, దాని మీద నర్సింలు రెండు చేతులతో పెట్టిన ప్లేటు, పెట్టినచోటే ఉన్నాయి.