జవాబు అందించకూడని ప్రశ్న

వెస్ట్ వర్జీనియా కొండల్లోని ఆ చిన్న ఆసుపత్రిలో వెర్నా స్టాల్‌నేకర్ పని, బీమా బిల్లుల కోసం డాక్టర్లు రాసిన జబ్బులకు కోడ్ నంబర్లు వేయడం. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. సోమవారం కొత్త సూచన వచ్చింది. న్యుమోనియా రోగి రక్తంలో క్రిములు కనబడ్డా సరే, రక్తానికి ఇన్ఫెక్షన్ పాకిందని డాక్టరు స్వయంగా రాస్తే తప్ప కోడర్ ఆ నంబరు వేయకూడదు. అనుమానముంటే డాక్టరుకు ప్రశ్న పంపొచ్చు గానీ, ఆ ప్రశ్నలో జబ్బు పేరు చెప్పి జవాబు అందించకూడదు. ఇలాంటి సూచనలు రాసేవాళ్లు పోయినవాళ్ల పెళ్లాలతో ఎన్నడూ మాట్లాడి ఉండరు.

మంగళవారం డెల్మర్ కోగర్ ఫైలు తెరిచింది. అరవై మూడేళ్ల గని కార్మికుడు, గురువారం చేరి ఆదివారం పోయాడు. రక్తంలో క్రిములున్నాయని శుక్రవారం ఉదయమే ల్యాబ్ రిపోర్టు వచ్చింది. మందు మార్చింది శనివారం సాయంత్రం. మధ్యలో ఆ కాగితాన్ని ఎవరూ చూసినట్టు లేదు. చివర్లో వైద్యం చేసిన డాక్టర్ ప్రూయిట్ రాసింది ఒకే ముక్క, న్యుమోనియా.

"రక్త పరీక్షను బట్టి తేలిన జబ్బేదైనా ఉంటే రాయగలరు" అని వెర్నా పద్ధతిగా ప్రశ్న పంపింది. మర్నాడు ప్రూయిట్ క్యాంటీన్‌లో ఎదురుపడ్డాడు.

"ఏంటమ్మా వెర్నా, ఈ వయసులో నాతో పరీక్ష రాయిస్తున్నావ్?"

"మీరు రాయందే నేను వేయలేను కదండీ."

"న్యుమోనియా అన్నానంటే న్యుమోనియానే. ఇక సాగదీయకు." నవ్వుతూనే అన్నాడు, కళ్లు మాత్రం ట్రే మీంచి లేవలేదు.

ఆమె న్యుమోనియా నంబరే వేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం రికార్డుల కిటికీ దగ్గరి ఆవిడ భోజనానికి వెళితే, వెర్నా అక్కడ కూర్చుంది. వచ్చింది డెల్మర్ భార్య లియోటా.

"ఆయన కాగితాలు కావాలమ్మా. ఉత్త న్యుమోనియాయేనటగా? పోయిన వారం బుధవారమే ఆసుపత్రికి పోదామన్నాడు. జలుబేలే, సూప్ తాగి పడుకో అన్నాను. ఒక్కరోజు ముందు తెచ్చుంటే బతికేవాడు. నా చేతులారా చంపుకున్నాను."

వెర్నా ఫారం ముందుకు జరిపింది. అందులో రెండు గడులు. మొదటిది మూడు పేజీల సారాంశానికి, రెండోది మొత్తం ఫైలుకు.

"ఏది కావాలో టిక్ పెట్టండి."

"చిన్నది చాలు తల్లీ. అంతంత చదివే ఓపిక నాకెక్కడిది?" లియోటా పెన్ను మొదటి గడి మీద ఆనింది.

వెర్నా ఆ చెయ్యి పట్టుకుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

"రెండోది పెట్టండక్కా. నలభై ఒకటో పేజీలో ఉన్న రక్త పరీక్ష రిపోర్టు బయట ఇంకో డాక్టరుకు చూపించండి. పైన తేదీ చూడమనండి. మందు ఎప్పుడు మార్చారో కూడా చూడమనండి."

లియోటా రెండో గడిలో టిక్ పెట్టి తలెత్తింది.

"ఆ పేజీలో నా తప్పుందా?"

"లేదు," అంది వెర్నా. "ఆ తప్పు మీది కాదు."