కొసరు తూటాలు

కొలిచి ఇచ్చేటప్పుడు చెయ్యి బిగబట్టేవాళ్లంటే భూమవ్వకు ఒళ్లుమంట. మానెడు వడ్లడిగితే కుప్పగా పోసి, పైన ఇంకో పిడికెడు వేస్తుంది. "కొసరెయ్యని చేతిల లచ్చిమి నిలువది" అంటుంది.

ఆమె తమ్ముడు వెంకటి బర్మా యుద్ధంలో బ్రెన్ గన్ పేల్చి వచ్చినవాడు. నలభై ఎనిమిదిలో ఊరివాళ్లు రజాకార్ల లారీ నుంచి ఎత్తుకొచ్చిన బ్రెన్ గన్‌ను అందుకే అతని చేతికిచ్చారు. ముందు రెండు కాళ్ల మీద ఆనే తుపాకి, నెత్తిన కొడవలిలా వంగిన తూటాల డబ్బా. డబ్బా ఖాళీ అయితే ఇంకోటి పెట్టాలి, గొట్టం కాగితే అదీ మార్చాలి. అందుకని పక్కన సాయంగా రాజం ఉండేవాడు.

రజాకార్లు ఖానాపూర్ దాటారని తెలిసిన పొద్దున ఊరంతా మూటలు కట్టింది. జనం వాగు దాటి అడవి పట్టేదాకా ఆ ఇద్దరే బాటలో రజాకార్లను ఆపాలి. భూమవ్వ డబ్బాలు నింపడానికి కూర్చుంది.

"నిండ పెట్టకక్కా, రెండు తక్కువనే ఉండాలె. కుక్కితె స్ప్రింగు పట్టేస్తది, తూటా దిగది," అన్నాడు వెంకటి.

"తెలిసింది తీయ్," అంది. అన్నీ చెప్పినట్టే నింపింది. ఆఖరి డబ్బా దగ్గర మాత్రం మనసొప్పలేదు. చావుకు ఎదురుపోయే తమ్ముడికి తక్కువ కొలిచి పంపుతుందా? బొటనవేలు కమిలేలా నొక్కి, రెండు కొసరు వేసింది.

భూమవ్వ జనంతో వాగులోకి దిగింది, నీళ్లు నడుముదాకా వచ్చాయి. వెనక తుపాకి దడదడలాడుతోంది. ఆగినప్పుడల్లా డబ్బా మారుస్తున్నారని ఆమెకు తెలుసు, మళ్లీ మోగగానే ప్రాణం కుదుటపడేది. ఆఖరి మనిషి కూడా గట్టెక్కాడు. ఇక వెంకటి, రాజం ఉన్న తూటాలు పేల్చుకుంటూ వెనక్కి రావడమే మిగిలింది. తుపాకి మరోసారి ఆగింది. భూమవ్వ చెవులు రిక్కించింది. మళ్లీ మోగలేదు.

పొద్దుగూకే వేళకు రాజం ఒక్కడే వచ్చాడు, భుజాన తుపాకి, బట్టల నిండా నెత్తురు.

"పాత తుపాకి గదక్కా, మొరాయించింది. ఎంకటి పోయిండు," అన్నాడు ఆమె ముఖం చూడకుండా. "పోయేముందు, అక్కనేమనకు, అన్నడు."

"నన్నేమంటవ్? ఎందుకంటవ్?"

రాజం తుపాకిని కింద పెట్టాడు. భూమవ్వ తుపాకి మీది డబ్బాను ఊడబెరికి చూసింది. అంచుదాకా నిండుగా ఉంది. పై తూటాను బొటనవేలితో నొక్కితే కదల్లేదు. రెండు తీసి పక్కన పెట్టి మళ్లీ నొక్కింది. మెత్తగా దిగింది.

"నా చేతులిరుగ! గా రెండు నేనే ఏసిన," అంటూ ఆ చేతులనే నేలకేసి బాదుకుంది.